ఎడమ గుట్ట, కుడి గుంత

నాచారంలో మా సందు చివర ఒక బ్లౌజుల దుకాణం ఉంది. షట్టరు ఎత్తితే రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, వెనుక గోడ నిండా మేకులకు తగిలించిన కాగితపు నమూనాలు కనిపిస్తాయి. ఒక్కో గిరాకీ కొలతకు ఒక్కో నమూనా. అన్నీ పాత దినపత్రికలు కత్తిరించి చేసినవే. చేతుల మీద ఎన్నికల ప్రకటనలు, మెడ వంపు దగ్గర సగం తెగిన క్రికెట్ స్కోర్లు. ఆ పత్రికలు పద్దెనిమిదేళ్లుగా తెచ్చి ఇస్తున్నది నేనే.

ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఇంటికి నాలుగు పత్రికలు వేయించుకుంటాను. నెలాఖరుకు అందరి ఇళ్లలో పాత పేపర్లు తూకానికి పోతే, అటక మీద దాచుకున్న కొన్ని తప్ప మా ఇంట్లోవి కట్టగట్టి ఆ దుకాణానికి పోతాయి. నాది మంచి మనసని మా ఆవిడ అనుకుంటుంది. అది మంచితనం కాదు. ఆ దుకాణం నడిపే మనిషికి ఇంజినీరింగ్ సీటు రాకపోవడానికి కారణం నేనేనని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే పద్దెనిమిదేళ్లు ఆమె గుమ్మంలోకి కట్టలు మోశాను.

సంగతి పాతికేళ్ల నాటిది. అప్పుడు నేను మా పత్రికలో విద్య పేజీ చూసేవాణ్ణి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష దగ్గర పడితే ఆ పేజీకి ఉండే గిరాకీ మొదటి పేజీకి కూడా ఉండేది కాదు. పిల్లలు పేజీలు కత్తిరించి ఫైలు చేసుకునేవాళ్లు. లెక్కల నమూనా ప్రశ్నలు ఒక లెక్చరర్ రాసి పంపేవారు. వాటిని తప్పుల్లేకుండా అచ్చువేయించడం నా పని. నాకు లెక్కలు రావు. అక్షరాలు చూసేవాణ్ణి, బొమ్మ సరైన చోట పడిందో లేదో చూసేవాణ్ణి. అంతే.

ఆ రోజుల్లో పేజీ కంప్యూటర్ తెర మీదే పూర్తయ్యేది కాదు. వార్తలూ బొమ్మలూ విడివిడిగా పారదర్శకమైన ఫిల్మ్ మీద వచ్చేవి. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పెద్ద షీటు పరిచి, ఆ ముక్కల్ని కోసి, టేపుతో అంటించేవాళ్లు. ఆ పని చేసేవాళ్లను పేస్టర్లు అనేవాళ్లం. మా పేజీ పేస్టరు మల్లాపూర్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకంటే చిన్నవాడు, చెయ్యి చాలా నికార్సు.

ఆ రోజు ప్రశ్నకు రెండు బొమ్మలు ఉండాలి. మొదటిది ఒక వంపు గీత. అడ్డగీత, నిలువుగీతల మీదుగా పాములా సాగుతుంది. ఎడమ పక్కన అడ్డగీతకు పైన ఒక గుట్ట, కుడి పక్కన దానికి కింద ఒక గుంత. రెండో బొమ్మ దాని ప్రతిబింబం. అడ్డగీతను అద్దం అనుకుంటే ఈ వంపు ఎలా కనపడుతుందో అలా ఉండాలని లెక్చరర్ రాశారు. తీరా చూస్తే ఆ రెండో బొమ్మ ఉన్న కాగితం ఎక్కడో జారిపోయింది. మధ్యాహ్నం మూడింటికి పేజీ ప్రెస్సుకు వెళ్లిపోవాలి. అప్పటికి పది నిమిషాలే ఉంది. మొదటి బొమ్మదే ఇంకో ఫిల్మ్ తీసి తిరగేసి అంటించమన్నాను. పేస్టరు దాన్ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు, ఎడమ నుంచి కుడికి తిప్పి అంటించాడు. పేజీ వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో మా పత్రిక. పక్కన పంక్చర్ల దుకాణం, దాని ముందు ట్యూబులు ముంచే నీళ్ల తొట్టి. దుకాణం బోర్డు ఆ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తోంది. ఊరికే చూస్తూ నిలబడ్డవాణ్ణి, ఉన్నట్టుండి పేజీ తెరిచాను. పడుకున్న అద్దంలో వస్తువు తలకిందులవుతుంది. ఎడమ, కుడి తారుమారు కావు. అడ్డగీత అంటే పడుకున్న అద్దమే కదా? మేం వేసింది నిలబడిన అద్దంలోని బొమ్మ. పరీక్ష ఇంకో నాలుగు రోజుల్లో ఉంది.

ఆఫీసుకు వెళ్లగానే పేస్టరు మీద అరిచాను. అతను తల వంచుకున్నాడు. ఆ వారమే అతణ్ణి విద్య పేజీ నుంచి సినిమా పేజీకి మార్పించాను. లెక్చరర్‌కు ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు. పెద్దమనిషి, పోనీలే అనుకున్నారని సర్దిచెప్పుకున్నాను. పది మంది తప్పులకు సవరణలు రాసిన నేను ఈ తప్పుకు సవరణ రాయలేదు. పేజీని మడిచి ఒక కవర్లో పెట్టి సొరుగులో పడేశాను. పారేయడానికి చెయ్యి రాలేదు. తెరిచి చూడటానికీ రాలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు నాచారంలో ఇల్లు కొనుక్కుని వచ్చాం. నాది కోస్తా ప్రాంతం. ఆ దుకాణం నడిపే ఆమెది నాచారమే. ఊరు ఊరుగా ఉన్నప్పుడు వాళ్లకు ఇక్కడే జొన్న చేలు ఉండేవట. మొదట్లో నన్ను సార్ అనేది. నేను పత్రికలో పనిచేస్తానని తెలిశాక ఒకరోజు కొలత కాగితం కత్తిరిస్తూ అంది:

"అన్నా, మీ పేపర్ సదివే నేను ఎంట్రెన్స్ రాసిన. విద్య పేజీలు అన్ని కోసి దాసుకున్న. ఒక గ్రాఫు ప్రశ్న మీ పేపర్ల వచ్చిందే పరీక్షల మళ్ల వచ్చింది తెలుసా? గా పాము లెక్క ఉంటది సూడు. పేపర్ల సూసినట్లే పెట్టొచ్చిన."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, సీటు రాలే. జర్రంతల పోయింది. మా నాయిన మిషన్ కొనిచ్చిండు."

నవ్వుతూనే చెప్పింది. నేను నీళ్లు తాగి ఇంటికి వచ్చాను. మర్నాడు మొదటి కట్ట తీసుకెళ్లి ఇచ్చాను.

అక్కడితో అది పాతబడిపోయేదే. కానీ ఆమె పక్కన కూర్చున్నకొద్దీ ఆ తల ఎంత చురుకైనదో తెలిసేది. మీటరు కన్నా తక్కువ బట్టలో ముక్కలు ఎలా ఇమడ్చాలో ఒక్క చూపులో చెప్పేది. ఈ మధ్య అయితే మరీను. ఆమె కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది, లెక్కల గ్రూపు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ఆ పిల్ల నోటుబుక్కు బల్ల మీద పడేసి కూర్చుంది.

"మామా, నువ్వే చెప్పు. గ్రాఫుల ఎక్స్ కాడ ఎక్స్ మైనస్ రెండు పెడితే గీత ఎడమకు పోవాలె గదా? మైనస్ గదా? కుడికి పోతదట. ఎందుకంటే, అంతే, బై హార్ట్ చెయ్యిమన్నడు మా సారు."

నాకేం తెలుసు? తల గోక్కున్నాను. వాళ్లమ్మ మిషన్ ఆపకుండానే మాట్లాడింది.

"మామూలు రోజు దుకాణం ఎప్పుడు తీస్త?"

"తొమ్మిదింటికి."

"ఆదివారం?"

"పదకొండు. అయితే?"

"మనుషులు గంతే మంది వస్తరు, గట్లనే వస్తరు. మొత్తం రెండు గంటలు లేటయితది. ఆదివారం పన్నెండింటికి ఎంతమంది ఉంటరో తెల్వాలంటే, మామూలు రోజు ఎన్నింటికి సూడాలె?"

పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది. "పదింటికి."

"పన్నెండులకెల్లి రెండు తీసినవు. మైనస్ పెట్టినవు. గీత యాడికి జరిగింది? లేటు దిక్కు. కుడికి."

పిల్ల నోరు తెరిచి నా వైపు చూసింది. "మమ్మీ, నువ్వు మా కాలేజ్‌ల చెప్పరాదూ?"

"ముందు గా హుక్కులు కుట్టు, లెక్చరర్ సంగతి తర్వాత సూద్దాం."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ మనిషి సీటునా నేను పోగొట్టింది అనిపించింది. అప్పుడే ఆమె అడిగింది. "అన్నా, గా గ్రాఫు పేజీ ఏడన్న దొరుకుతదా? నేను కోసిపెట్టింది వానల పోయింది. పిల్లకు మంచిగ పనికొస్తది. యాదికుండిపోయిన బొమ్మ అదొక్కటే."

చూస్తానన్నాను. రెండు రోజులు ఆ సందులోకి వెళ్లలేదు. పాలకు కూడా అవతలి దారిన తిరిగి వెళ్లాను. దొరకలేదని చెప్తే ఒక్క మాటతో పోతుంది. తల్లికి తప్పు నేర్పినవాణ్ణి, కూతురి దగ్గర అబద్ధంతో తప్పించుకోవాలా? మూడో రోజు కవరు తీసి జేబులో పెట్టుకున్నాను. తెరవలేదు.

మధ్యాహ్నం మూడున్నర అయింది. గిరాకీ లేని వేళ. మల్లాపూర్ వైపు నుంచి లేత్ మిషన్ల కీచు వినిపిస్తోంది. ఆమె మిషన్ మీద ఉంది. కాలేజీ నుంచి వచ్చిన పిల్ల బల్ల మీద అడుగున ఉన్నది కనిపించే పల్చటి బటర్ పేపర్ పరిచి మగ్గం డిజైను దించుతోంది.

"దొరికిందా అన్నా?"

"దొరికిందమ్మా. కానీ పిల్లకు ఇవ్వకూడదు."

"ఎందుకట్ల?"

"అందులో తప్పుంది. ఆ తప్పు నాది."

చెప్పేశాను. జారిపోయిన కాగితం, తిరగేసిన ఫిల్మ్, పంక్చర్ల దుకాణం తొట్టి, రాయని సవరణ, అన్నీ. వార్త చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఎక్కడో మిషన్ ఆగిపోయింది. మెడలో వేలాడుతున్న టేపును ఆమె వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వింది.

"నీకు ఎప్పటి సంది ఎర్క?"

"అచ్చయిన మర్నాటి నుంచి."

"అంటే నేను చెప్పిన నాటికే ఎర్క."

"తెలుసు."

"పద్దెనిమిదేండ్లు పేపర్లు మోసినవు గాని అన్నా, నోరైతే ఇప్పలే."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మిషన్ కింద ఇరుక్కున్న దారం తెంపి, ఆ పోగును వేళ్ల మధ్య ఉండచేస్తూ కూర్చుంది. అంత చిన్న దుకాణంలో ఎటు చూడాలో నాకు తెలియలేదు.

"మామా, ఆ కాగితం ఇటియ్యి జర," అంది పిల్ల.

కవరు ఇచ్చాను. పేజీ పసుపు రంగుకు తిరిగింది, మడతల దగ్గర చిట్లింది. పిల్ల మొదటి బొమ్మ చూసింది, రెండోది చూసింది. బటర్ పేపర్ ముక్క చించి మొదటి బొమ్మ మీద పెట్టి పెన్సిల్‌తో వంపును మాత్రం దించింది. దాన్ని ఎడమ నుంచి కుడికి తిప్పి రెండో బొమ్మ మీద పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

"చూశావా, ఎడమ కుడి తారుమారు చేశాం," అన్నాను.

"ఆగు మామా." ముక్కను మళ్లీ మొదటిలా పెట్టి, ఈసారి కింది అంచు పట్టుకుని పైకి తిప్పింది. తలకిందులు చేసి అదే రెండో బొమ్మ మీద పెట్టింది.

మళ్లీ అతికినట్టు సరిపోయింది.

నాకు అర్థం కాలేదు. "నువ్వు మళ్లీ పక్కకే తిప్పావేమో."

"మీదికి తిప్పిన. సూడు. ఎడమ గుట్ట ఉన్నది. తలకిందులు చేస్తే ఎడమ గుంత అయితది, కుడి గుంత గుట్ట అయితది. పక్కకు తిప్పినా గుట్ట కుడికే పోతది, గుంత ఎడమకే వస్తది. రెండూ ఒక్కటే. కొన్ని ఫంక్షన్లు గట్లనే ఉంటయి మామా. ఏ అద్దంల సూసినా అదే బొమ్మ. మొన్ననే చెప్పిండు మా సారు."

ఇన్నేళ్లూ నేను ఆ పేజీని మళ్లీ తెరవలేదు. తెరిచి ఒక్కసారి గుట్ట ఎక్కడుందో, గుంత ఎక్కడుందో చూసి ఉంటే లెక్కలు రాకపోయినా తెలిసేది. చూడటమే వృత్తిగా బతికినవాణ్ణి. అయినా నమ్మకం కుదరక, "మరి లెక్చరర్ తలకిందులు అనే రాశారు కదా," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

అప్పుడు లేచింది వాళ్లమ్మ. బల్ల కింద చెత్తబుట్టలోంచి ఒక పట్టీ తీసింది. మెడ అంచుకు వేయడానికి బట్టను ఏటవాలుగా కోస్తారు, దాన్ని క్రాస్ పట్టీ అంటారు. రెండు కొసలూ ఒకే వాలులో వంగి ఉంటాయి.

"గిటు సూడు అన్నా. దీన్ని పక్కకు తిప్పిన. కొసలు ఎటు వాలినయి?"

"అటు."

"మళ్ల ఎప్పటి లెక్క పెట్టిన. ఇప్పుడు కిందికెల్లి మీదికి తిప్పిన. ఎటు వాలినయి?"

"అటే."

"చెయ్యి ముక్క గిట్ల కాదు. దానికి ముందర లోతు ఎక్కువ, ఎనుక తక్కువ. అది తప్పు తిప్పితే రెండు చేతులు ఒక్క దిక్కుకే అయితయి. కొత్తల నేను ఒక పెండ్లి బ్లౌజుకు చేసిన, రెండూ కుడి చేతులే. క్రాస్ పట్టీకి గా ఫికర్ లేదు. నీ గ్రాఫు క్రాస్ పట్టీ అన్నా."

హమ్మయ్య అనబోయాను. పిల్ల చెయ్యెత్తింది.

"ఒక్కటి ఆగున్రి. వంపు నడిమధ్యల, అడ్డగీత నిలువుగీత కలిసే సున్నా కాడికెల్లి పోతేనే ఇది. కొంచెం మీదికి జరిపి గీసిన్రనుకో, అప్పుడు వేరే." నోటుబుక్కు వెనుక గబగబా గీసి చూపించింది. వంపు మొత్తాన్ని అలాగే ఒక గడి పైకి జరిపింది. గుట్ట పొడుగయింది, గుంత లోతు తగ్గింది. దాన్ని పక్కకు తిప్పితే పెద్ద గుట్ట కుడికి వచ్చింది. తలకిందులు చేస్తే ఎడమన పెద్ద గుంత, కుడిన పొట్టి గుట్ట. రెండు బొమ్మలు రెండు రకాలు. "ఒక్క గడి జరిగున్నా నీది తప్పే మామా."

పేజీలో వంపు ఎక్కడ దాటుతోందో చూడబోతే, సరిగ్గా ఆ నడిమధ్యనే మడత. పాతికేళ్ల మడత. కాగితం నలిగి, సిరా పొట్టులా లేచిపోయింది. మొదటి బొమ్మలోనూ అంతే, రెండో బొమ్మలోనూ అంతే. కింద రాసిన సమీకరణం చివర కూడా ఆ మడతలోకే పోయింది. ప్లస్ ఒకటి ఉందో లేదో తెలియదు. గుట్ట పొడుగు కొలుద్దామన్నా కాగితం ముడతలు పడి ఉంది.

వాళ్లమ్మ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. వేడెక్కే దాకా ముగ్గురం నిలబడ్డాం. ఎవరో గిరాకీ వచ్చి బ్లౌజు అయిందా అని అడిగితే, "రేపు రా అక్కా, ఇయ్యాల జర పనున్నది," అని పంపేసింది. పేజీ మీద తడి గుడ్డ పరిచి, దాని మీద పెట్టెను నెమ్మదిగా నడిపింది. పట్టుచీరకైనా అంత జాగ్రత్త చూపించడం నేను చూడలేదు. గుడ్డ తీసింది. మడత చదునైంది. పొట్టు లేచిన చోట సిరా మళ్లీ కాగితానికి అంటుకుంది.

పిల్ల స్కేలు పెట్టింది. గుట్ట కొలిచింది. గుంత కొలిచింది. వంగి నడిమధ్య చూసింది. నేను ఆ పిల్ల మొహం చూశాను. పేజీ చూసే ధైర్యం లేదు.

"సమానం. సున్నా కాడికెల్లే పోతది. సమీకరణంల ప్లస్ లేదు, ఏం లేదు. పో మామా, బతికిపోయినవ్."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. అక్కడే మంచినీళ్ల సీసా ఉంటే ఎత్తి సగం తాగాను.

"మరి సీటు?" అన్నాను చివరికి. "ఆ ప్రశ్న కరెక్టే పెట్టావన్న మాట. మరి ఎందుకు పోయింది?"

"గదా?" ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. "ఫిజిక్స్ అన్నా. సగం ప్రశ్నలు కండ్లు మూసుకొని పెట్టిన. లెక్కలల్లనే మంచిగొచ్చినయి నాకు. నన్నొక్కసారి అడిగితే చెప్తుంటి గదా ఎందుకు పోయిందో. నువ్వు అడగనే లేదు." ప్లగ్గు తీగను పెట్టెకు చుట్టి, "ఫిజిక్స్ పేజీ ఎవలు చేసేటోళ్లు మీ ఆఫీసుల?" అంది.

"నేను కాదు," అన్నాను. అంత గట్టిగా అన్నానని నాకే తర్వాత తెలిసింది. ముందు పిల్ల నవ్వింది. తర్వాత ఆమె నవ్వింది, కానీ వెంటనే ఆపేసి, "నవ్వుతున్ననని మాఫ్ అయిందనుకోకు," అంది. "తప్పు లేకపోయినా దాసినవు. దానికి నువ్వు ఈ నెల పేపర్లతోని పాటు అటక మీద దాసుకున్నయి కూడ తేవాలె. నాకు నమూనాలు నిండుకున్నయి."

తెస్తానన్నాను. పేజీని పిల్ల తీసుకుని నోటుబుక్కులో పెట్టుకుంది.

ఇంటికి వచ్చే దారిలో ఇంకో మనిషి గుర్తొచ్చాడు. ఆ తప్పుకు ఇద్దరం బాధ్యులమైతే, శిక్ష పడింది అతనొక్కడికే. పాత డైరీలో పేస్టరు నంబరు వెతికి ఫోన్ చేశాను. అదే నంబరు. ఇప్పుడు నారపల్లిలో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ప్రశ్న, ఫిల్మ్, తిరగేయడం గురించి చెప్పి, నువ్వు చేసింది సరైనదేనయ్యా, నేనే అనవసరంగా అరిచాను, నిన్ను ఆ పేజీ నుంచి తప్పించాను అన్నాను.

"ఏ గ్రాఫు సార్?" అన్నాడు. "నాకైతే యాదికి లేదు. సినిమా పేజీకి మార్పించింది మీరేనా? అయ్యో! నేను ఇన్నేండ్లు న్యూస్ ఎడిటర్ సార్ మార్పించిండని దండం పెట్టుకుంటున్న. సినిమా పేజీల పడ్డంకనే సార్ నాకు మంచిగైంది. లెక్కల పేజీ అంటే నాకు కడుపుల నొప్పి లేసేది. ఆదివారం ఇంటికి రాండ్రి, కూసొని మాట్లాడుకుందాం."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి అటక ఎక్కి, దాచుకున్న పాత పత్రికలు దించడం మొదలుపెట్టాను. ఈ వేళప్పుడు దుమ్మంతా ఎందుకు లేపుతున్నావని కింద నుంచి మా ఆవిడ అడుగుతోంది. నమూనాలు నిండుకున్నాయట అని చెప్పాను.